రెండు వేళ్ల తరుగు

బ్రెన్‌విక్‌లో పెట్రోలు బంకు మూతపడి పదకొండేళ్లు.
పంపులు పీకేశారు. ధరల బోర్డు మీద
ఒక తొమ్మిది మాత్రం ఇంకా వేలాడుతోంది.
సస్కాచెవాన్ మైదానంలో గాలికి
ఇంకేం పనుంటుంది, దాన్ని ఊపడం తప్ప.

మూడు నెలలకోసారి వస్తాను నేను.
కాంక్రీటులో దిగేసిన పన్నెండు ఇనుప మూతలు,
ఒక్కోదాని కింద అరచెయ్యి పట్టని బావి.
వీటి నీళ్లు ఎవరూ తోడుకోరు,
ఎవరి దాహమూ వీటికి తెలియదు.

జనవరి. బోల్టులు బిగుసుకుపోయాయి.
ఫ్లాస్కులో టీ పోస్తే గానీ మూడోది ఊడలేదు.
టేపు వదులుతాను. దాని చివర ఉన్న చిన్న యంత్రం
నూనె తగిలితే ఆపకుండా కూస్తుంది,
నీరు తగిలితే ఆగి ఆగి.
ఆ రెండు కూతల నడుమ దూరమే నా జీతం.
ఇవాళ నాలుగు మిల్లీమీటర్లు.
నిరుడు పదకొండు.

ఓరెస్ట్ హ్రిన్‌కివ్ పిలవకపోయినా వస్తాడు.
బంకు ఆయనదే. ఎనభై మూడేళ్లు, చెవులు కప్పే టోపీ.
రోడ్డవతల ట్రక్కులో, ఇంజను ఆపకుండా
నన్ను చూస్తూ కూర్చుంటాడు.
ఈసారి దిగి వచ్చాడు, చేతిలో కొలబద్ద:
టాంకులో ముంచి చూసే మూడు గజాల కర్ర,
అంకెల మీద పసుపు సగం చెరిగింది.
చంకలో లెక్కల పుస్తకాలు.

"రోజూ రాత్రి ముంచేవాణ్ణి.
నెలాఖరుకి అమ్మింది తీసేసి చూస్తే
రెండు వేళ్లు తరుగు వచ్చేది.
ఎండకి ఆవిరైపోయిందనుకున్నా."
కొంచెం ఆగి,
"చలికాలంలో కూడా అదే రాశా."

చూపించాడు. నీలి సిరా, గుండ్రటి చేతిరాత.
ఆవిరి. ఆవిరి. ఆవిరి.
ఫిబ్రవరి, మైనస్ ముప్పై నాలుగు: ఆవిరి.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు.
పెట్రోలుకీ పల్లం తెలుసు.
ఇక్కడ పల్లం తూర్పున ఉంది,
రైలు పట్టాల కిందుగా, ఇసుక పొర వెంట
లొరేన్ డేజార్లే ఇంటివైపు.
ఏడాదికి తొమ్మిది అడుగుల నడక.
ఆమె వంటింట్లో కుళాయికి గుడ్డ చుట్టి ఉంటుంది.
ముందుజాగ్రత్త అని రాశాం కాగితంలో.
ఆరేళ్ల జాగ్రత్త. నీళ్లు డబ్బాల్లో వస్తాయి.
కాఫీ ఇస్తూ ప్రతిసారీ అంటుంది
"డబ్బా నీళ్లతోనే పెట్టాను" అని.
నేనెప్పుడూ అడగలేదు.

నమూనా సీసాకి ఒక నియమం ఉంది:
బుడగ మిగలకూడదు.
మూత బిగించి, తలకిందులు చేసి, వేలితో తట్టి చూడాలి.
గసగసమంత గాలి ఉన్నా
బెంజీన్ అందులోకి దూరి కూర్చుంటుంది,
నీరు అమాయకంగా కనపడుతుంది.
ఎందుకలా తడుతున్నావని ఓరెస్ట్ అడిగితే చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
"అయితే నా పుస్తకం నిండా బుడగలే."

పన్నెండో బావి లొరేన్ కంచె పక్కన.
పోయిన వేసవి దాకా రిపోర్టులో
'కనపడలేదు' అని రాసేదాన్ని.
'లేదు' అని కాదు.
ఆ రెండు మాటలకీ మధ్య
ఒక మనిషి తన ఇంట్లో నీళ్లు తాగాలి.

గొట్టంతో నీరు పైకి తీశాను.
వాసన చూడకూడదని శిక్షణలో చెప్తారు.
చూశాను.
ఏమీ లేనట్టుంది. ఏదో ఉన్నట్టూ ఉంది.
ఈ చలిలో ముక్కు సాక్ష్యం చెల్లదు.

"ఇవి ఎవరికివ్వాలి?" అన్నాడు పుస్తకాలు చూపించి.
మా ఆఫీసుకివ్వచ్చు, నా బండిలో పెట్టమన్నాను.
రెండు పెట్టాడు. మూడోది పెట్టలేదు.
లొరేన్ ఇంటి పొగగొట్టం వైపు చూశాడు,
కొలబద్ద ఊతంగా పట్టుకుని
పట్టాలు దాటడం మొదలుపెట్టాడు.
మంచులో కర్ర దిగిన గుంటలు,
అడుగు అడుగుకీ ఒకటి, తూర్పుకి.

ఐసుపెట్టెలో సీసాలు సర్ది చీటీ రాశాను:
బావి పన్నెండు. రెండూ నలభై.
గాలి, వాయవ్యం నుంచి.