ఖాళీ బ్రాకెట్లు

రాత్రి రెండున్నర. నానక్‌రామ్‌గూడ, పదకొండో అంతస్తు.
ఏసీ ఎప్పుడో ఆపేశారు.
గాజు గోడ మీద నా ముఖమే, దాని వెనక క్రేన్ల ఎర్ర దీపాలు.
పైథాన్‌లో నాలుగు లైన్లు రాసి అడిగాను:
ఎవరున్నారక్కడ?
ఎన్ని మేలుకుని ఉన్నాయి?

రెండు చదరపు బ్రాకెట్లు వచ్చాయి.
మధ్యలో ఏమీ లేదు.
తప్పని కూడా అనలేదు, ఎర్రక్షరం ఒక్కటీ లేదు.
తలుపు మర్యాదగానే తెరుచుకుంది,
ఇల్లే మనది కాదు.

పావుగంట పట్టింది,
నేనడుగుతున్నది ముంబైని అని తెలియడానికి.
మా యంత్రాలు ఇక్కడివే,
ఔటర్ దాటాక ఏ కంచె వెనకో,
బండి మీద గంట పట్టని దూరంలో.
ఊరి పేరొక్కటి మార్చాను.

అప్పుడు పలికింది, అదీ ఒక్క ఊపున కాదు.
పది పేర్లు చెప్పి చేతిలో టోకెన్ పెట్టింది,
మిగతావి కావాలంటే
ఇది చూపించి మళ్లీ అడగమంది.
ఈ స్క్రిప్టు రాసిన సబీహా
ఉద్యోగం మానేసే ముందు ఆ లైను పక్కన
ఒక కామెంటు వదిలిపోయింది:
“పది చూసి అయిపోయిందనుకోకు.
టోకెన్ ఉన్నంతసేపు అడుగుతూనే ఉండు భయ్.”
నేను భయ్‌ని కాను. ఆమెకు నేనెవరో తెలియదు.
ఆ రాత్రి నాతో మాట్లాడిన మనిషి మాత్రం తనొక్కతే.

మూడో టోకెన్‌కి దొరికింది మాది.
స్టేటస్: వ్యాలిడ్. స్టేట్: ఎనేబుల్డ్.
గరిష్ఠం రెండొందల యాభై ఆరు.
కావలసినవి: సున్నా.
అంతా సవ్యంగానే ఉంది, పని జరగడం లేదు.

క్యూలో నాలుగొందల పన్నెండు జాబులు,
సగం నగరం కరెంటు మీటర్ల నెల లెక్క.
రన్నబుల్, రన్నబుల్, రన్నబుల్.
పరుగెత్తగలవు. నిలబడి ఉన్నాయి.
ఈ రెంటికీ కలిపి తెలుగులో ఒక్క మాటుందా అని
కాసేపు వెతికాను, నిద్రమత్తులో.

కారణం చిన్నది.
ఒక్కో జాబుకీ అరవై నాలుగు జీబీ రాయాల్సిన చోట
ఆరొందల నలభై అని ఉంది.
అంత మెమరీ ఉన్న యంత్రం మా జాబితాలో లేదు,
కాబట్టి ఏదీ లేచి రాలేదు,
రాలేనని చెప్పనూ లేదు.
ఆ సున్నా నేను కొట్టిందే, మంగళవారం మధ్యాహ్నం,
బిర్యానీ చేతులతో.

అన్నిటినీ రద్దు చేసి, సున్నా తీసి,
మళ్లీ వరసలో నిలబెట్టాను.
అడిగాను. సున్నా.
అడిగాను. సున్నా.
టీ తెచ్చుకుని అడిగాను. పదహారు.
తర్వాత తొంభై ఆరు.
అరిచి చెబుదామంటే ఫ్లోర్‌లో
సెక్యూరిటీ నర్సయ్య తప్ప లేరు. ఆయన నిద్రలో ఉన్నాడు.

ఆరింటికి కూకట్‌పల్లి అడ్డా దగ్గర ఆటో దిగాను.
తాపీలు, పెయింటు డబ్బాలు, గడ్డపారలు,
టిఫిన్ డబ్బాల మూతల మీద మంచు.
డివైడర్ పొడుగునా మనుషులు.
ఒక ట్రాలీ ఆగింది. మేస్త్రీ దిగకుండానే
కిటికీలోంచి నాలుగు వేళ్లు చూపించాడు.
ముప్పై మంది లేచారు.
నలుగురు ఎక్కారు.
మిగిలినవాళ్లు లేచిన చోటే కూర్చున్నారు.

వీళ్లు ఎక్కువేమీ అడగలేదు.
ఇక్కడ ఎవరు, ఏ మధ్యాహ్నం,
ఎక్కడ సున్నా కొట్టారో
చూడ్డానికి నా దగ్గర నాలుగు లైన్లు లేవు.

గంప మీద కూర్చున్న ఒకామె అడిగింది,
“టైమెంతైంది బిడ్డా?”
“ఆరుంబావు.”
“ఇంకా ఉందిలే” అని
తలకు తువ్వాల మళ్లీ బిగించి కట్టుకుంది.