మైల

సోమవారం, కొట్టు కట్టేసే వేళకి వస్తాడు ఎర్నెస్ట్.
సంచిలో ఎర్ర కేపు,
దాని మీద రెండు మామూలు చొక్కాలు కప్పి,
ఎవరైనా చూస్తారేమోనని.

హల్ నగరంలో, హెసిల్ రోడ్డు మీద నా డ్రై క్లీనింగ్ కొట్టు.
మా తాత చాకిరేవులో ఊరి మైల ఉతికాడు,
నేను ఈ ఊరి మైల మెషీన్లో ఉతుకుతున్నాను.
బట్ట మాతో అబద్ధమాడదు.
ఇది డాకులో మంటల మసి.
ఇది హంబర్ బురద, పడవ మునిగిన నాటిది.
ఇది తూటా తగిలి కమిలిన చోటు.
ఒంటికేం కాలేదు, గుడ్డకే.

"మరి కాలరు దగ్గర ఇదేంటి?"
"చెమట," అన్నాడు,
తూటాకి కూడా చెమర్చని మనిషి.

డెబ్భై దాటాక ఎగరడం తగ్గించాడు. మోకాళ్ళు.
దిగేటప్పుడు బస్ షెల్టర్ పట్టుకుంటాడు.
చెవులు మాత్రం పోలేదు.
నాలుగు మైళ్ళవతల చంటిది తుమ్మినా వినబడుతుంది.

మొన్న వానలో టీ ఇచ్చాను.
తిరుగుతున్న డ్రయర్‌ని చూస్తూ, దానికే చెప్పాడు:

ఎనభై ఆరు, నవంబరు.
మూతపడ్డ చేపల గోడౌను వెనక సందు.
ముగ్గురు కలిసి ఒకణ్ణి
ఆ మాట అంటూ, ఆ మాటతోనే కొడుతున్నారు.

ఆ మాటేదో నేనడగలేదు.
ఏ భాషలోనైనా అది ఒక ఉమ్మంత ఉంటుంది.
మా తాతని పిలిచిన మాటా అంతే ఉండేది.

"అక్కడికి నాకు పదకొండు సెకన్లు.
కేపు కట్టుకున్నాను. కిటికీ తెరిచాను.
ఆ సందు మీకెలా తెలుసని పేపరువాళ్ళడిగితే?
గురువారాలు మేం కలిసేది అక్కడే.
ఆ గురువారం నేనే రానన్నాను."

కిటికీ పట్టుకుని మొత్తం విన్నాడట.
బూట్లు పరిగెత్తడం. తర్వాత వాన.
వాన లోపల ఎక్కడో, తెగుతూ, ఒక ఊపిరి.

"కాలిన్ ఒక్కసారీ నా పేరు అరవలేదు.
అరిస్తే నాకు వినబడుతుందని
వాడికొక్కడికే తెలుసు."

బతికాడట. ఒక కన్ను పోయిందట.
బ్రిడ్లింగ్టన్‌లో సైకిళ్ళు బాగుచేస్తాడట.
ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట.

డ్రయర్ ఆగింది.
ఏమనను?
పోయిన నెల అసోసియేషన్ భోజనాల్లో
పానకాలరావు తన మేనల్లుణ్ణి చూపించి
"వాడు అదో టైపులెండి" అంటే
పప్పు కలుపుకుంటూ నవ్వినవాణ్ణి.
నాకు ఎగరడం అక్కర్లేదు.
ఆ కుర్రాడు రెండు కుర్చీల అవతలే ఉన్నాడు.
పెరుగన్నం తినకుండానే లేచిపోయాడు.

కేపు ఇస్త్రీ చేశాను.
కాలరు మరక పోలేదు.
డబ్బులు వద్దంటే ఊరుకోలేదు,
నాలుగు పౌన్లూ బల్ల మీద లెక్కపెట్టి
సంచి అందుకున్నాడు.
చొక్కాలు మర్చిపోయాడు.

ఎర్రగా, మూతి తెరుచుకున్న సంచితో
బస్ స్టాపు దాకా నడవడం చూశాను.
బ్రిడ్లింగ్టన్ బస్సు వచ్చి ఆగింది, వెళ్ళింది.
ఎక్కాడో లేదో
అద్దం మీద ఆవిరికి కనబడలేదు.

చొక్కాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.
పానకాలరావు మేనల్లుడి నంబరు కూడా.