అరటిదూట

బీచ్ స్టేషన్ దిగి రోడ్డు దాటగానే
వెల్లుల్లి మాడీ మాడని వాసన,
"అత్తో! అత్తో!" అని కేకలు.
నాకూ మేనల్లుళ్లున్నారు,
పలకబోయి నాలిక్కరుచుకున్నాను.
అది తినేదాని పేరట.

నన్ను లాక్కొచ్చింది నివేద.
మా క్లియరింగ్ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల.
ప్రపంచాన్ని నెలజీతంలో తినేయాలని
ఫోన్లో జాబితా రాసుకుంది.
అన్నానగర్‌లో కొరియావాళ్ల పుల్లమీది బోండాం,
ఇచ్చినట్టే ఇచ్చి లాక్కునే టర్కీ ఐస్‌క్రీము,
చూళైమేడు సందులో నేపాలీ కుర్రాడి మోమోలు.
షావుకారుపేటలో రెండు మురుకుల మధ్య
టమాటా, చీజు పెట్టిచ్చిన దాన్ని మాత్రం
ఏ దేశం కింద రాయాలో తోచక
గడి ఖాళీగా వదిలేసింది.

ఇవాళ బర్మా.

బండివాడు సేవుగన్.
తాత మాండలే నుంచి మోసుకొచ్చిన భాషలో
ఇతనికి దక్కినవి నాలుగు ముక్కలు:
ఉప్పు, కారం, ఇంకొంచెం, చాలు.
వాటితోనే ముగ్గురాడపిల్లల్ని చదివిస్తున్నాడు.

నారింజరంగు నూడుల్స్ దోసెడు,
దారాల్లా తరిగిన క్యాబేజీ,
చింతపండు రసం, వేగిన ఉల్లిపాయ,
పైన నలిపిన అప్పడంలాంటి బేజో.
గరిటె లేదు, వేళ్లే.
పెళ్లి వంటల్లో పులిహోర కలిపే చెయ్యి
అచ్చం ఇలాగే తిరుగుతుంది,
అడుగునుంచి పైకి, కోపం లేకుండా.

ఊరికే, అడక్కుండానే
చిన్న గిన్నెలో సూపు పోశాడు.
అందులో సన్నగా కోసిన అరటిదూట.

ఒక్క గుక్క.
గిన్నె బల్లమీద పెట్టేశాను.

రాయపురం మేడమీది వంటింట్లో
మా నాన్నమ్మ అప్పలకొండమ్మ
చేపల పులుసులో అరటిదూట వేసేది.
వేయించిన శనగపిండి జారుగా కలిపి పోసేది.
మా వీధిలో ఇంకెవరూ అలా చెయ్యరు.
ఇంటిపేరుతో వచ్చిన ఆచారమేమో అనుకున్నాం.
వదిన కొత్తకాపురంలో దూట మరిచిపోతే
"పులుసుకి ఎముకేదే?" అంది ముసల్ది.

"రంగం నుంచి నడిచొచ్చేవట కదా?" అంటే
"కాళ్లకి తెల్సు, నన్నడక్కండి."
కాళ్లనెవరడుగుతారు?
మాకు రంగమంటే నాటకాలాడే చోటు.
అది రంగూనని తెలిసేసరికి
ఆ కాళ్లూ లేవు, అడిగే నోరూ లేదు.

"ఏమైందక్కా, కారమా?" నివేద.
కారమే అన్నాను.

అప్పుడొచ్చాడు ఓడ కుర్రాడొకడు,
హార్బరు పాసు మెళ్లో వేలాడుతూ.
బర్మావాడని పక్కబండివాళ్లు చెవులు కొరుక్కున్నారు.
సేవుగన్ చేతులు రెండోసారి కడుక్కున్నాడు.
ఆ దేశం మొహం ఎన్నడూ చూడనివాడు
ఇప్పుడా మొహమే పరీక్షకు కూర్చున్నట్టు
నిలబడ్డాడు.

కుర్రాడు సూపులో చెంచా తిప్పాడు,
అడుగు దాకా వెతికాడు.
"ఫిష్?"
"నో ఫిష్." సేవుగన్ తల గోక్కున్నాడు.
తాత వేసేవాడే.
శుక్రవారం వాళ్లు, శనివారం వాళ్లు,
మార్వాడీ కొట్ల గుమాస్తాలు,
అందరూ తాగాలి కదా, మానేశాం.

"నాట్ సేమ్," అన్నాడు కుర్రాడు మెల్లగా.
ఆ తర్వాత మూడు గిన్నెలు తాగాడు.

సేవుగన్ దగ్గర చేప లేని సగం.
మా ఇంట్లో నూడుల్స్ లేని సగం.
నడిచే దారిలో ఎవరి చేతికి ఏది అందితే అది
కొంగున కట్టుకొచ్చినట్టున్నారు.
చెబుదామనుకున్నాను.
బండిచుట్టూ జనం, నా అరవం అంతంతమాత్రం,
పైగా దూట ముక్కొకటి నోట్లో.

నివేద బర్మా ఎదురుగా టిక్కు పెట్టింది.
నా మొహం చూసి చెరిపేసింది.
"అక్కా, ఆదివారం మీ ఇంటికి రానా?"

రమ్మన్నాను.
కాశిమేడులో చేప దొరుకుతుంది, దానికేం.
దూటే కొనాలి.
నార వేలికి చుట్టి తీసే పని
మా వదినకొక్కదానికే వచ్చు.