పన్నెండు సెకన్లు

రెండో శనివారం, సాయంత్రం ఆరున్నర.
చిక్కడపల్లిలో మేడ మీది హాలు.
నలభై కుర్చీలు వేస్తాం, పద్నాలుగు నిండుతాయి.
తెర అంటే తస్నీమ్ టీచర్ ఇంటి తెల్ల దుప్పటి.
కింది అంచున ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ
ఏ దేశపు సముద్రం వచ్చినా
అందులో చిన్న దీవిలా తేలుతుంది.

ఈసారి సినిమా ఏదో చలిదేశానిది.
పేరు పలకడం ఎవరికీ చేతగాక
కాగితం మీద ‘మంచు సినిమా’ అని రాసి
మెట్ల దగ్గర అంటించాం.

మొదటి మాటకే తెలిసిపోయింది.
మూడు వారాలు రాత్రుళ్ళు కూర్చుని
నేను రాసిన తెలుగు వెనకబడింది.
పెదాలు కదిలిన పన్నెండు సెకన్లకు గానీ
అడుగున అక్షరాలు రావడం లేదు.

ఆమె తలుపేసుకుంది.
ఖాళీ వరండా, మంచు, ఒక కుక్క.
అప్పుడొచ్చింది: ‘ఉండు, వెళ్ళకు.’
కుక్క అన్నట్టుంది.
ఎవరో నవ్వారు.
ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఈశ్వరయ్య లేచొచ్చాడు.
క్రాస్‌రోడ్స్‌లో మూతబడ్డ టాకీసులో
ముప్పై ఏళ్ళు ఆపరేటరు.
లాప్‌టాప్ ముందు చేతులు కట్టుకుని
పరాయి ఇంటి పొయ్యి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.
“రీలుల బొమ్మ ఒక కాడుంటది సార్,
దాని మాట ఇరవై ఒక్క ఫ్రేముల ముందుంటది.
రెండు ఎన్నడూ ఒక్క కాడ ఉండయి.
నడుమ ఫిలిం జర వదులుగ, ఒంపు పెట్టి
మేమే కలుపుతుంటిమి.
దీన్ల ఒంపు యాడ పెట్టాలె?”

నాకూ తెలియదు.
ఆపేద్దామా అన్నాను. ఎవరూ కదల్లేదు.
కింద మిర్చి బజ్జీల నూనె వాసన,
సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయిన బారాత్ బ్యాండు
కిటికీలోంచి వచ్చి ఆ మంచు మీద పడుతున్నాయి.

అరగంటకు అలవాటైంది.
మాట కోసం చూడటం మానేసి మొహాలు చూస్తున్నాం.
అశోక్‌నగర్ కోచింగ్ కుర్రాడు
ఒళ్ళోని కరెంట్ అఫైర్స్ మూసేశాడు.
తెర మీద ముసలాయన
కప్పులో చక్కెర కలుపుతూ, కలుపుతూ
చెంచా ఆపినప్పుడు
“హాయ్ అల్లా, చెప్పేశాడు” అంది తస్నీమ్ టీచర్.
కాసేపటికి నా తెలుగు వచ్చి
అదే చెప్పింది,
కొంచెం తక్కువగా.

బొమ్మ అయిపోయింది.
పేర్లు కూడా లేవు, ఉత్త నలుపు.
ఒకరు చెప్పుల కోసం కాళ్ళతో వెతుకుతున్నారు.
అప్పుడు, మనుషులెవరూ లేని ఆ చీకట్లో
ఒక్క వాక్యం వెలిగింది:
‘వింటున్నావా?’
అది ఆరిపోయేదాకా
చెప్పుల చప్పుడు ఆగింది.

లైట్లేశాక కుర్చీలు మడిచాం.
దుప్పటి ఆ రెండు కొసలు ఈశ్వరయ్య, ఈ రెండు నేను.
బిగించి లాగబోతే
“అట్ల గుంజకు సార్, చినుగుతది.
నడుమ జర వదులుగ పట్టు” అన్నాడు.