ఒక ‘ఆర్’ తక్కువ

చీమకుర్తి నల్లరాతిలో బంగారు చుక్కలుంటాయి.
గెలాక్సీ అంటారు ఎగుమతివాళ్లు.
మాకది మధ్యాన్నం అన్నంలో కరకర.

పాలిషింగు యూనిట్లో అక్షరాలు చెక్కేది నేనే.
ఏ దేశమో, ఎవరి సమాధో,
కాగితమ్మీద ఉన్నది ఉన్నట్టు దించాలి.
చదవగూడదు. చదివితే చెయ్యి ఆగుద్ది.

ఆ ఆషాఢంలో వచ్చిందొక పలక:
సిత్ తిబి తెర్రా లెవిస్.
తెర్రాలో ఆర్‌లు రెండు. నేను ఒకటే చెక్కా.
సరుకు వాపసు. పద్దెనిమిది రోజుల కూలి కోత.

కృష్ణపట్నం లారీ ఎక్కని రాయి
ట్రాక్టర్లో మా ఇంటికొచ్చింది.
అమ్మ దాన్ని బోరింగు పక్కన వేయించి
గుడ్డలుతకడం మొదలెట్టింది.

నాకు మాత్రం నిద్ర పట్టలా.
ఒంగోల్లో రిటైరైన ఫాదర్ ఇన్నయ్య దగ్గరికి పోయా.
ఒక కంట్లో శుక్లం. కాగితం ముక్కుకానించి నవ్వాడు.
“నీ మీద మట్టి తేలిగ్గా ఉండాలని రా.
నాలుగు క్వింటాళ్ల బండ మీద రాయించారు చూడు!”

ఆ నవ్వు కోసమేనేమో పై ఆదివారం మళ్లీ పోయా.
తర్వాత మూడేళ్ల ఆదివారాలు.

తెర్రా, తెర్రే, తెర్రామ్.
మట్టి, మట్టికి, మట్టిని.
మన విభక్తులే గదా ఫాదర్ అంటే
“మీ తెలుగయ్యవారు వింటే ఇద్దర్నీ బాదుతాడు” అన్నాడు.
క్రియ చివరాఖరికి జరిగి కూర్చుంటది,
అసలు సంగతి గడప దాటేప్పుడు చెప్పే చుట్టంలాగా.
స్క్రీబో అంటే చాలు, ‘నేను’ అక్కర్లా.
రాస్తాను అన్నా అంతే గదా.

అట్ట ఊడిన పుస్తకంలోంచి
రెండువేల ఏళ్ల నాటి వాడెవడో
అప్పులోళ్లను తిట్టిన తిట్లు చదివేవాడు.
నిన్న మా సందులో విన్నట్టే ఉండేవి.

“నీ పేరు రాయప్ప. పేతురన్నా రాయే” అన్నాడొకసారి.
తెలుగులో రాయి అంటే రాయమని కూడా గదా ఫాదర్, అన్నా.
చాలాసేపు మాట్లాడలా.
టీ చల్లారింది. మళ్లీ కాయించుకొచ్చా.

సూపర్‌వైజర్ ఎగతాళి:
చచ్చిన భాష, దేనికి పనికొస్తది?
చచ్చినోళ్ల రాళ్లే గదన్నా
మనకి కూడు పెట్టేది, అన్నా.

మొన్న అమ్మ విసుక్కుంది,
ఏందిరా ఈ గాట్లు, సబ్బంతా ఇరుక్కుంటా ఉంది అని.
అర్థం చెప్పా.
ఎవరి మీద, అంది.
ఎవరి మీదా లేదమ్మా, తప్పు పడ్డది గదా.

బాదడానికి ఎత్తిన తడిదుప్పటి
అట్టాగే పట్టుకుని కాసేపు నిలబడింది.
ఈసారి
మెల్లగా దించింది.