మూతలు

చిట్టీ ఎత్తిన పైసలు బనీను జేబుల దాసుకొని
దేవరకొండల బస్సెక్కి కోఠికి పోయిన.
దుకాణపాయన నా ముందట
ఫిరంగి అసొంటి జూమ్ లెన్సు పెట్టిండు.
"దీనితోని కూసున్నకాడ్నుంచే పెండ్లంతా తియ్యొచ్చు,
పిల్ల కంట్ల నలుసు పడ్డా దొరుకుతది."

నిజమే, పెండ్లిళ్లే నాకు బువ్వ.
కానీ ఆ పూట నేను పోయింది బువ్వ కోసం కాదు.

ఎడ్ల అంగట్ల పండ్లు పట్టి చూసినట్టు
ఒక పాత కెమెరాను అటూ ఇటూ తిప్పిన.
డెబ్బై వేల సార్లు కొట్టుకున్నదట దాని షట్టరు.
"ఇంకెన్ని కార్లు దున్నుతది?" అన్న.
ఆయనకు సమజ్ కాలె.

దానికి జోడు యాభై ఎమ్మెమ్ లెన్సు.
అంచుకు చిన్న గీత,
అరిగిన చెప్పు లెక్క మెత్తగ తిరిగే రింగు.
దూరంల ఉన్నదాన్ని దగ్గరికి గుంజదు అది.
కాళ్లున్నయి గద, నువ్వే పో, అంటది.
అదే కట్టియ్యమన్న.

రెండేండ్ల సంది నేను తీస్తున్నది మూతలు.
ఎండిన బోర్ల మీద ఎవలు ఏం కప్పిండ్రో
అంతే, ఇంకేం లేదు.
గుర్రంపోడు కాడ పగిలిన రుబ్బురోలు,
నాంపల్లి తొవ్వల ట్రాక్టరు టైరు, టైరుల మొలిచిన తుమ్మ,
మర్రిగూడల ప్రెషర్ కుక్కర్ మూత, విజిల్ గూడ ఉన్నది.
ఒకకాడ ఓట్లప్పటి ఫ్లెక్సీని నాలుగు మడతలేసి రాయి పెట్టిండ్రు.
చేతులు జోడించిన మనిషి
నడుముకాడికి మడతవడి
భూమిలకు దండం పెడుతున్నడు.

మొదట్ల స్టాండు మోసుకపోయేటోణ్ణి.
చెలకల మూడు కాళ్లు పాతంగనే
పసునూరి ఎల్లేశం కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు:
"సర్వేనా? రోడ్డు నా చేన్లకెల్లి పోతదా?"
మూతను తీస్తున్ననంటే ఇంక గుస్స అయిండు.
ఆ దినం సంది స్టాండు ఇంట్లనే, బట్టలారేస్తున్నరు.
మా చెల్లె ఊక నింపి ఒక సంచి కుట్టిచ్చింది,
దాని మీద కెమెరాను పసిపిల్లను పండవెట్టినట్టు పండవెడుత.

మిట్టమధ్యాహ్నం ఫోటో తియ్యొద్దంటరు, తెలిసినోళ్లు.
నేను గా యాళ్లకే పోత.
అప్పుడు నీడ గూడ మూత కిందికే దూరుతది,
రిగ్గు బండి కక్కిపోయిన రాతిపిండి
ఇంక తెల్లగ మెరుస్తది.
మబ్బు లేదు, మెత్తదనం లేదు.
ఉన్నది ఉన్నట్టు.

నిరుడు చందంపేట దిక్కు తండాల
ముడావత్ చాంది బోరు చూపెట్టింది.
దాని మీద స్టీలు పళ్లెం, బోర్లిచ్చి,
వెనుక చుక్కలు చుక్కలుగ కొట్టిన ఆమె పేరు.
"ఇంత మంచి పళ్లెం ఎందుకమ్మా?"
"తొమ్మిది వందల ఫీట్లు. అప్పు నా పేరు మీద తెచ్చిండ్రు.
అందుకే నా పళ్లెమే పెట్టిన."

పేరు కోసం వంగిన.
మూరెడు లోపలికి పోతే ఈ లెన్సుకు చూపు ఆనదు.
అక్షరాలు అలుక్కుపోయినయి.
ఎనుకకు జరిగిన, మల్ల వంగిన, మల్ల జరిగిన.
ఆమె కొంగుతోని పళ్లెం తుడిచింది
ఎవలకో వడ్డిస్తున్నట్టు,
తర్వాత దాన్ని పక్కకు తీసి
ఒక చిన్న రాయి లోపలికి ఇడిచింది.

ఇద్దరం చెవులు పెట్టినం.
రాయి గోడలకు తాకుకుంట పోయింది,
పోయింది,
ఇంక పోతనే ఉన్నది.
నా వేలు షట్టరు మీద ఉన్నదన్న సంగతే మర్షిన.

"పడ్డదా ఫోటో?" అన్నది.
"పడలే."
"ఇంకోటి ఎయ్యాల్నా?" అని
చుట్టుపక్కల రాళ్లు దేవులాడబట్టింది.