అత్తెసరు

మిడిల్స్‌బ్రోలో ఆ పొద్దున చినుకులు అడ్డంగా పడుతున్నాయి.
టీస్ నది మీంచి వచ్చే గాలికి
ల్యాబ్ షట్టరు పళ్ళు కొరుకుతోంది.
ఏడున్నరకే తాళం తీశాను.
క్రషింగ్ మెషీన్ కింద పోయినవారపు ధూళి,
తుడిచాను. మళ్ళీ తుడిచాను.
ఐదేళ్ళకోసారి వస్తారు వీళ్ళు
బియ్యంలో రాళ్ళేరే చూపుతో,
ఈ చదువుకి గుర్తింపు ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి.

పైన, రెండో అంతస్తులో, గదినిండా పెట్టెలు.
ప్రతి పెట్టెలో మూడేసి కట్టలు:
పైనున్నవాడిది, నడిమివాడిది,
ఈదలేక ఈది గట్టున పడ్డవాడిది.
డాక్టర్ ఆలర్టన్ మొదటి కట్టల్ని మాత్రం
కిటికీ వెలుగు పడేచోట సర్దాడు.
కొన్ని డ్రాయింగులు నిజంగానే ఫ్రేము కట్టించుకోదగ్గవి.

ముగ్గురొచ్చారు. మూడు తడి గొడుగులు
నేను తుడిచిన నేలమీద మూడు మడుగులు.
పెద్దావిడ పేరు త్రెల్‌ఫాల్.
నలభై ఏళ్ళు రేవుగోడలు కట్టిన మనిషట,
కుడిచేతి బొటనవేలికి గోరు లేదు.
కిటికీ వైపు చూడనైనా చూడలేదు.
"అట్టడుగున పాసైన పేపరు ఇవ్వండి" అంది.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలని నాకు నేర్పారు.
ఏ మెతుకో ఎవరూ చెప్పలేదు.
ఈవిడ గిన్నె అంచున,
మంట సరిగ్గా తగలని చోట, వేలు పెట్టింది.

పేపరు మీద పేరుండదు, నంబరే.
నాకు మాత్రం ఆ రాత తెలుసు.
ఏడు అంకె నడుముకి అడ్డగీత కట్టేవాడు.
రాత్రంతా గోదాములో పెట్టెలు మోసి
తొమ్మిదింటి ల్యాబుకి ఎర్రటి కళ్ళతో వచ్చేవాడు.
కాంక్రీటు సిలిండరు పగలబోతుంటే
అందరూ వెనక్కి జరిగేవాళ్ళు,
వాడొక్కడు చెవి ముందుకు పెట్టేవాడు.
నలభై మార్కులు. ముప్పై తొమ్మిదైతే తప్పినట్టే.

"ఈ నలభయ్యో మార్కు ఎక్కణ్ణుంచి వచ్చింది?"
ఆలర్టన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
మార్కు వేసిన యెవాండే, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు,
మూల కుర్చీలో నేలచూపులు చూస్తోంది.
నేను టీ ట్రేతో గుమ్మంలో.

నాలుగో పేజీ. దూలం లెక్క.
ప్లస్సు చోట మైనస్సు వేశాడు,
అక్కణ్ణుంచి అంతా తలకిందులు.
కానీ చివర, మార్జిన్లో, పెన్సిలుతో:
"నా జవాబు ప్రకారం బరువు పెడితే దూలం పైకి లేస్తోంది.
అలా జరగదు. ఎక్కడో తప్పు చేశాను.
టైము లేదు."
పక్కన ఎర్రసిరా టిక్కు. ఒక్కటే.

మూడు ముక్కల్ని ఆవిడ చాలాసేపు చదివింది.
గోరులేని వేలు పెన్సిలు గీతమీద ఆగింది.
"మా రేవులో ఆరోజు ఎవడైనా ఇలా రాసుంటే" అని మొదలెట్టి
"టీ చల్లారుతోంది" అని ముగించింది.

అత్తెసరు మార్కులంటాం, మూతి విరిచి.
మా పిన్ని వండేది అసలైన అత్తెసరు:
కొలిచి పోసిన ఎసరు, గంజి వార్చే పని లేదు,
చుక్క ఎక్కువైతే ముద్ద, చుక్క తక్కువైతే పలుకు.
చేతిలో లెక్కుంటే తప్ప కుదరదు.
ఆ మాటని మనమే ఎప్పుడో
చులకన చేసి పారేసుకున్నాం.

రెండు నెలలకి ఉత్తరమొచ్చింది.
గుర్తింపు ఉంటుంది, మూడు షరతులతో.
స్టోరు గదికి ఎమర్జెన్సీ లైటు, పాత క్రేనుకి కొత్త తనిఖీ,
మూడోది మర్చిపోయాను.
యెవాండే ఆరోజు ల్యాబుకి వచ్చి
ఏమీ మాట్లాడకుండా ఒక బిస్కెట్ ప్యాకెట్ పెట్టి వెళ్ళింది.

సాయంత్రం నది ఒడ్డున నడుస్తుంటే
మూతబడ్డ నీలం వంతెన మీద
నారింజరంగు కోటు మనిషొకడు
సుత్తితో రివెట్ల మీద టక్కున కొడుతున్నాడు.
వాడు కాదు. వాడికంటే పొడుగు, వయసూ ఎక్కువే.
అయినా ఒక్కో దెబ్బకీ
తల వంచి, చెవి ముందుకు పెడుతున్నాడు.